పాడైన రోజు ఎవరి గడప తొక్కాలి? అసెంబుల్డ్, బ్రాండెడ్ కంప్యూటర్ల లెక్క

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి పిల్లలకు సీట్లు ఖరారయ్యాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. ఈసారి పొదిలి నుంచి మా అక్క కొడుకు చేశాడు. "మామా, నాకు సిస్టమ్ కావాలి. పార్టులు తెప్పించుకుని నేనే బిగించుకుంటా. యూట్యూబ్‌లో అంతా చూసేశా" అన్నాడు. వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని మా బావ, "వాడి మాట వినబాక బామ్మర్దీ. ఒంగోలు పోయి కంపెనీది ఒకటి తెచ్చి పెడితే మూడేళ్లు మనశ్శాంతి" అన్నాడు.

ఇద్దరి మాటా సగం సగం నిజమే. ఇద్దరూ వదిలేసిన మూడో దారి ఒకటుంది. మా నెల్లూరులో గానీ, అటు ఒంగోలులో గానీ నేను చూసినంతలో ఎక్కువమంది పోయేది ఆ దారినే. ఊళ్లో కంప్యూటర్ షాపుకు వెళ్లి, ఇంత బడ్జెట్ అని చెప్పి, వాళ్లు రాసిచ్చిన కొటేషన్ మీద కాస్త బేరమాడి, వాళ్లు బిగించిచ్చినదాన్ని సాయంత్రానికి అట్టపెట్టెలతో సహా ఆటోలో ఇంటికి తెచ్చుకోవడం. ఇలా విడిభాగాలు కూర్చి బిగించినదాన్ని అసెంబుల్డ్ అంటారు, కంపెనీ తయారుచేసి తన పేరుతో అమ్మేదాన్ని బ్రాండెడ్ అంటారు.

ఇల్లు కట్టించడంతో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సిమెంటూ ఇసుకా ఇనుమూ మనమే కొని మేస్త్రీకి కూలి మాత్రం ఇవ్వడం ఒక పద్ధతి. మెటీరియల్‌తో సహా ఒకరికి అప్పజెప్పడం రెండోది. కట్టి రంగులేసిన ఫ్లాట్ కొని తాళాలు తీసుకోవడం మూడోది. ఏ పద్ధతిలోనైనా ఇల్లు ఇల్లే. వానాకాలంలో స్లాబు కారినప్పుడు ఎవరిని పిలవాలన్న దగ్గరే తేడా బయటపడుతుంది. కంప్యూటర్ కొనేటప్పుడు జనం వాదించుకునేదంతా ధర గురించే. నేనైతే ముందు అడిగేది, ఇది పాడైన రోజు నువ్వు ఎవరి గడప తొక్కుతావు అని.

ఈ వాదనంతా డెస్క్‌టాప్‌కే వర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌ను మనలాంటివాళ్లం విడిభాగాలు తెచ్చి కూర్చుకోలేం. చాలా మోడళ్లలో ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ) కూడా బోర్డు, అంటే మదర్‌బోర్డు మీదే అతికేసి వస్తోంది.

విడివిడిగా ఎందుకు దొరుకుతాయి

టీవీ విడిభాగాలు కొని ఇంట్లో టీవీ తయారుచేసుకుంటానని ఎవరూ అనరు. కంప్యూటర్ విషయంలో మాత్రం అనగలుగుతున్నారంటే దానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. 1975లో అమెరికాలో వచ్చిన ఆల్టెయిర్ 8800 కంప్యూటర్‌ను ఎక్కువగా కిట్‌గానే అమ్మారు. కొన్నవాడే కూర్చుని సోల్డరింగ్ చేసుకోవాలి. మరుసటి ఏడాది ఆపిల్ అమ్మిన మొదటి కంప్యూటర్ కూడా వట్టి బోర్డే. డబ్బా, కీబోర్డు, కరెంటు సప్లై కొన్నవాడి తిప్పలు. 1981లో ఐబీఎం తన పీసీని బజారులో దొరికే భాగాలతోనే చేసి, వాటి వివరాలు బయటపెట్టింది. దాంతో మిగతా కంపెనీలు అలాంటివే చేయడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చింది. బోర్డులో స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు తీగ ఏ ఆకారంలో ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి. ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ క్యాబినెట్‌లో ఇవాళ చక్కగా కూర్చుంటోందంటే అదే కారణం.

కొటేషన్‌లో కనపడని వరుస

షాపువాళ్లు రాసిచ్చే కాగితం మీద ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్కు), క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై పెట్టె), మానిటర్ వరుసగా ఉంటాయి. చాలాసార్లు ఉండనిది విండోస్. "వేసిస్తాం లెండి సార్" అంటారు. ఆ వేసేది ఎలాంటిదని అడిగితే నవ్వి ఊరుకుంటారు. లైసెన్సుతో విడిగా కొంటే పది వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. బ్రాండెడ్ కంప్యూటర్లలో ఎక్కువ వాటికి అది ధరలోనే కలిసి వస్తుంది. కాబట్టి ఇది పక్కన పెట్టి రెండు ధరలూ పోల్చడం, పెళ్లి ఖర్చు లెక్కలో భోజనాలు మర్చిపోయినట్టే. ఉబుంటు లాంటి లినక్స్ వాడతానంటే ఆ ఖర్చు లేదు. తెలుగు టైపింగ్ కూడా అందులో బాగానే నడుస్తుంది. కానీ ట్యాలీ, ఫోటోషాప్ నడపాల్సినవాళ్లకు ఆ సలహా చెప్పడం దండగ.

జీఎస్టీ తేడా ఏమీ లేదు. మొత్తం కంప్యూటర్ కొన్నా, భాగాలుగా కొన్నా 18 శాతమే. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆ తగ్గింపు మన వారంటీ లోంచే వస్తోందని అర్థం.

ఇక చౌక ఏదంటే, బడ్జెట్‌ను బట్టి జవాబు తలకిందులవుతుంది. టైపింగ్, ఆన్‌లైన్ క్లాసులు, అకౌంట్ల వంటి మామూలు పనికి తక్కువ ధరలో కావాలంటే బ్రాండెడే నెగ్గుతుంది, లేదంటే సమానంగా వస్తుంది. భాగాలను లక్షల సంఖ్యలో కొనే కంపెనీకి పడే రేటు మన వీధి షాపుకు పడదు. విండోస్ కూడా వాళ్లకు బాగా తక్కువకే దొరుకుతుంది. పైకి వెళ్లేకొద్దీ బొమ్మ తిరగబడుతుంది. వీడియో ఎడిటింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు (బొమ్మలు, వీడియోల పని చూసే విడి కార్డు) కావాలి, ర్యామ్ రెట్టింపు కావాలి, ఎస్ఎస్‌డీ పెద్దది కావాలి అన్నప్పుడు కంపెనీ ఒక్కో మెట్టుకూ బజారు ధర కంటే బాగా ఎక్కువ వేస్తుంది. అక్కడ అసెంబుల్డ్‌దే పైచేయి.

మామూలు రోజుల్లో అయితే ఇంతే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పైకి లేచాయి. ప్రపంచంలో ర్యామ్‌లో వాడే డీర్యామ్ చిప్పుల్లో సింహభాగం చేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలు. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీ వైపు అవి మొగ్గడంతో మనలాంటివాళ్లకు దొరికేది తగ్గింది. ఇలాంటప్పుడు మొన్నటి కొటేషన్ పట్టుకుని షాపుకు వెళ్తే లాభం లేదు. పాత ధరకు తెచ్చిపెట్టుకున్న బ్రాండెడ్ పెట్టె షోరూంలో మిగిలి ఉంటే ఆ వారానికి అదే చౌక. 2021లో క్రిప్టో నాణేల తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డులు మాయమైనప్పుడూ ఇలాగే జరిగింది.

నేను మొదట చూసేది ఎస్ఎంపీఎస్

కాగితం చేతికిస్తే అందరి కళ్లూ ప్రాసెసర్ వరుస మీదికి పోతాయి. నా కళ్లు ఎస్ఎంపీఎస్ మీదికి పోతాయి. అలా అలవాటు కావడానికి నాకు ఖర్చు బాగానే అయింది.

గోడలోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టుల కింద మార్చి లోపలి భాగాలకు పంచేది ఇదే. ఊళ్లో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే వాటి మీద 450 వాట్లు, 500 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకెను పట్టించుకోకుండా పక్కనున్న చిన్న పట్టిక చూడండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లు ఉంటే 192 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు అంతా ఆ 12 వోల్టుల లోంచే లాక్కుంటాయి కాబట్టి, డబ్బా మీద 450 అని ఉన్నా మనకు పనికొచ్చేది 192 అన్నమాట. 80 ప్లస్ ముద్ర ఉందా అన్నది రెండో పరీక్ష. లోడు 20 శాతమున్నా, సగమున్నా, నిండా ఉన్నా తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం లోపలికి పంపగలిగితేనే ఆ ముద్ర ఇస్తారు. మిగతాది వేడిగా పోతుంది.

కొన్నేళ్ల కిందట ఊళ్లో ఒక షాపులో నాకూ అలాంటి ఉచిత ఎస్ఎంపీఎస్‌తోనే సిస్టమ్ అసెంబుల్ చేసిచ్చారు. మే నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది, టప్పుమని శబ్దం, గదంతా కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోతే ఏడ్చేవాణ్ని కాదు. పోతూ పోతూ బోర్డునూ హార్డ్‌డిస్కునూ తీసుకుపోయింది. మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులోనే ఉన్నాయి. "వోల్టేజీ వల్ల పోతే వారంటీ రాదండీ" అన్నాడు షాపాయన. కాగితం తిరగేసి చూస్తే అలానే రాసి ఉంది.

బ్రాండెడ్ వాటిలో ఎస్ఎంపీఎస్ సాధారణంగా నిజాయితీగానే ఉంటుంది. 200 అని రాస్తే 200 ఇస్తుంది. దాని బాధ వేరే. కావలిలో ఫోటో స్టూడియో నడిపే నా స్నేహితుడు పెళ్లి ఆల్బమ్‌ల కోసం పేరున్న కంపెనీది ఒకటి కొన్నాడు. రెండేళ్లు హాయిగా నడిచింది. వీడియో మిక్సింగ్ కూడా మొదలుపెట్టి గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకున్నాడు. మూత తీస్తే లోపల ఆ కార్డుకు పెట్టే తీగే లేదు. ఎస్ఎంపీఎస్ మారుద్దామంటే బోర్డుకు వెళ్లే ప్లగ్గు ఆ కంపెనీ సొంత ఆకారం, బజారుది ఎక్కదు. పోనీ బోర్డు మారుద్దామంటే డబ్బాలో రంధ్రాలు సరిపోవు. చివరికి మొత్తం అమ్మేసి కొత్తది అసెంబుల్ చేయించుకున్నాడు. బ్రాండెడ్ డెస్క్‌టాపులన్నీ ఇలా ఉండవు గానీ, చాలా వాటిలో ఏదో ఒకటి సొంత ఆకారమే. కొనే ముందు షోరూంలో మూత తీసి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

వారంటీ: ముక్కల్లోనా, ఒకేచోటా

కాగితం మీద చూస్తే వారంటీలో అసెంబుల్డ్‌దే పైచేయి. డబ్బాలో వచ్చే ప్రాసెసర్‌కు మూడేళ్లు. బోర్డుకు సాధారణంగా మూడేళ్లు. ఎస్ఎస్‌డీకి మూడు నుంచి అయిదు. మంచి ఎస్ఎంపీఎస్‌కు అయిదు, కొన్నిటికి పదేళ్లు. ర్యామ్‌కు ఇంకా ఎక్కువ. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌కు చాలాసార్లు ఒక ఏడాదే ఉంటుంది, మూడేళ్లు కావాలంటే కొనేటప్పుడే డబ్బు కట్టాలి. మా బావ అనుకున్న మూడేళ్ల మనశ్శాంతికి వేరే బిల్లు ఉంటుందన్నమాట.

అయితే అసెంబుల్డ్ వారంటీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పొద్దున స్విచ్ నొక్కితే తెర నల్లగా ఉంది. పోయింది బోర్డా, ర్యామా, ఎస్ఎంపీఎస్సా? తేల్చాలంటే బాగున్న ఇంకో భాగం పెట్టి చూడాలి. అది మన ఇంట్లో ఉండదు, షాపులో ఉంటుంది. ఊళ్లో షాపుకు మనమిచ్చే నాలుగు డబ్బులు ఎక్కువ అసలు ఇందుకే. పోయిన భాగాన్ని వాళ్లు పంపిస్తారు. వచ్చేలోపు మొహమాటానికైనా ఒక పాత ర్యామో ఎస్ఎంపీఎస్సో పెట్టి నడిపిస్తారు.

నెల్లూరువాళ్లకు చెన్నై దగ్గర, సుమారు 175 కిలోమీటర్లు. రిచీ స్ట్రీట్‌లో తక్కువకు దొరుకుతుందని పొద్దున రైలెక్కి రాత్రికి బ్యాగుల్తో దిగేవాళ్లు నాకు తెలుసు. ఒంగోలువాళ్లలో కొందరు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ దాకా పోతారు. ఆసుపత్రికీ పట్టుచీరలకూ మద్రాసు పోయే అలవాటున్న జిల్లా కాబట్టి ఇది పెద్ద పనిగా తోచదు. కానీ ఆర్నెల్లకు బోర్డు పోతే మళ్లీ అదే రైలు. మిగిలిన వెయ్యి రెండు వేలు ఆ టికెట్లకూ ఒక రోజు సెలవుకూ సరి. సంచిలో నలిగిన బిల్లు మీద సీరియల్ నంబర్ లేకపోతే అక్కడికి వెళ్లాక వెనక్కి రావడమే.

ఆన్‌సైట్ అంటే మెకానిక్ ఇంటికి వచ్చి బాగుచేయడం. నెల్లూరు, ఒంగోలు టౌన్లలో పెద్దగా ఇబ్బంది ఉండదు. ఉదయగిరి, గిద్దలూరు వైపువాళ్లు మాత్రం తమ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో ముందే అడిగి తీరాలి.

ఇంకో మెలిక ఉంది. ఒకే ప్రాసెసర్ రెండు రకాలుగా అమ్ముతారు. డబ్బాలో వచ్చేదానికి తయారు చేసిన కంపెనీయే నేరుగా వారంటీ ఇస్తుంది. ట్రేలో వచ్చేదానికి అమ్మినవాడే దిక్కు. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలో 2024లో అందరికీ తెలిసొచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అదేపనిగా క్రాష్ అవుతుంటే, కంపెనీ వాటి వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. డబ్బాది కొన్నవాళ్లు నేరుగా ఇంటెల్‌నే అడగొచ్చు. తయారైన కంప్యూటర్ కొన్నవాళ్లు ఆ కంప్యూటర్ కంపెనీని, ట్రే ప్రాసెసర్ కొన్నవాళ్లు అమ్మిన చోటును అడగాలి.

సొంతంగా బిగించేవాడికి

పని కష్టం కాదు. ఒక స్క్రూడ్రైవర్, సగం రోజు తీరిక చాలు. కష్టమంతా పార్టులు ఎంచుకోవడంలో ఉంది. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డుల్లో కొన్ని డీడీఆర్4 తరం ర్యామ్ తీసుకుంటాయి, కొన్ని డీడీఆర్5. ఒకదానిది ఇంకోదాంట్లో దూరదు. ఏఎండీ కంపెనీ ఏఎం5 సాకెట్ అయితే డీడీఆర్5 ఒక్కటే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు కొనకపోతే తెర వెలగదు. బోర్డు పాతదై ప్రాసెసర్ కొత్తదైతే బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే తప్ప గుర్తుపట్టదు. షాపులో ఇది అయిదు నిమిషాల పని, ఇంట్లో ఒక్కోసారి రెండు రోజుల టెన్షన్.

బిగించేటప్పుడు భయపడాల్సింది ఒక్కచోటే. సాకెట్‌లోని పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి. ప్రాసెసర్ చెయ్యి జారి వాటి మీద పడితే బోర్డు పోయినట్టే, వంగిన పిన్నులకు వారంటీ లేదు. మిగతావన్నీ దిద్దుకోగలిగిన తప్పులే. ర్యామ్ టిక్కుమనేదాకా నొక్కకపోవడం, ప్రాసెసర్ పక్కనుండే ఎనిమిది పిన్నుల కరెంటు తీగ మర్చిపోవడం, గ్రాఫిక్స్ కార్డు పెట్టి కూడా మానిటర్ వైరు బోర్డుకే గుచ్చడం. "సిస్టమ్ ఆన్ కావట్లేదన్నా" అని నాకొచ్చే ఫోన్లలో చాలావరకు ఈ మూడింట్లో ఒకటే.

"తర్వాత అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు" అన్న మాటను నేను సగమే నమ్ముతాను. ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు వరకు నిజం. ప్రాసెసర్ దగ్గరికొస్తే అదృష్టం. 2017లో ఏఎండీ ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ మార్చుకుని 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లు పెట్టుకోగలిగారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 మాత్రం 2021 చివర్లో వచ్చింది, 2024 అక్టోబర్‌కల్లా దాని స్థానంలోకి 1851 వచ్చేసింది.

మన ఎండ, మన ఉప్పుగాలి

యూట్యూబ్ వీడియోల్లో కంప్యూటర్ ఏసీ గదిలో ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన దగ్గర గదిలోనే నలభై డిగ్రీలుంటాయి. ప్రాసెసర్ సుమారు 95, 100 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ముందువైపు అద్దం బిగించిన అందమైన క్యాబినెట్ కంటే జల్లెడలా గాలాడేది మేలు. అది ఎంచుకునే వీలు అసెంబుల్డ్‌లో ఉంది, బ్రాండెడ్‌లో లేదు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి లోహం త్వరగా పాడవుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ దుమ్ము. అక్కడైతే దుమ్ము వలను నెలకోసారైనా తీసి దులపాలి.

యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటే సాధారణంగా అది 360 వాట్లే మోస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీదే నడుపుతామంటే అది సైన్ వేవ్ (గోడలోంచి వచ్చే కరెంటులాగే నునుపైన అల ఇచ్చే) రకమై ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. స్క్వేర్ వేవ్ దానితో కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లు పేచీ పెడతాయి.

ఎవరికి ఏది

ట్యాలీ నడిపే రొయ్యల కమీషన్ కొట్టుకూ, ఆసుపత్రి రిసెప్షన్‌కూ నేను బ్రాండెడే చెబుతాను, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి డబ్బు కట్టి మరీ. అక్కడ ఒక రోజు ఆగితే పోయేది కంప్యూటర్ ధర కంటే ఎక్కువ. ఫోటో స్టూడియోలకు, ఫ్లెక్స్ డిజైన్ చేసేవాళ్లకు ఊళ్లో షాపు అసెంబుల్డ్, ఎస్ఎంపీఎస్ మాత్రం మనం చెప్పినదే వేయించుకుని. పాత ఫాంట్లతో పేజ్‌మేకర్ నడుపుకునే డీటీపీవాళ్లకు అసలు కొత్తదే అక్కర్లేదు, ఉన్నదాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా పెట్టుకుంటే చాలు.

కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ఆఫీసు కంప్యూటర్లు తక్కువకు దొరుకుతాయి. పిల్లలకు అవి మంచి బేరమే, ఒక్కటి చూసుకుంటే. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సపోర్టు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. ఆరు, ఏడు తరాలవి అంత చౌకగా ఎందుకొస్తున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మా అక్క కొడుకు సంగతి చివరికి మధ్యలో తేలింది. పార్టుల జాబితా వాడు రాశాడు, నేను ఎస్ఎంపీఎస్ ఒక్కటి మార్చాను. ఒంగోలులో ఒకే షాపులో కొన్నాం, ప్రతి భాగం సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించాం. ధరల కాగితం చూసి మా బావ కాసేపు గొణిగాడు. బిగించడం మాత్రం వాడే చేశాడు, షాపు బల్ల మీద, షాపు కుర్రాడు పక్కన నిలబడి చూస్తుండగా. మొదటిసారి తెర వెలగలేదు. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు.

మొన్న వాడు మళ్లీ ఫోన్ చేశాడు. సిస్టమ్‌కేమైందో అని కంగారుపడ్డాను. సిస్టమ్ బాగానే ఉంది. వారంటీ అయ్యేదాకా దాచమని నేను చెప్పిన అట్టపెట్టెల్లో మా అక్క ఉల్లిపాయలు పోసిందట, ఫోన్ ఆమెకిస్తాను, నువ్వే చెప్పు మామా అన్నాడు.